డబ్బా మోగొద్దు

పాత మ్యూజిక్ సిస్టమ్‌లోంచి ఊడదీసిన స్పీకర్‌ను చేత్తో పట్టుకుని పాట పెట్టి చూడండి. గొంతు వినిపిస్తుంది, డోలు దెబ్బ మాత్రం ఎటో పోతుంది. ఇప్పుడు ఒక పెద్ద అట్టముక్కకు స్పీకర్ కోన్ (ముందుకూ వెనక్కూ కదిలే గరాటు లాంటి భాగం) అంత రంధ్రం చేసి, స్పీకర్‌ను దానికి వెనక నుంచి ఆనించండి. బేస్ వచ్చేస్తుంది. వైరు మారలేదు, యాంప్లిఫయర్ మారలేదు, వాల్యూమ్ ముట్టుకోలేదు.

కోన్ ముందుకు కదిలితే ముందున్న గాలిని నెడుతుంది, అదే సమయంలో వెనకున్న గాలిని లాగుతుంది. 50 హెర్ట్జ్ శబ్దానికి తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అంత తరంగానికి జానెడు స్పీకర్ ఒక అడ్డే కాదు. వెనక శబ్దం అంచు మీదుగా తిరిగి ముందుకొచ్చి, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అట్టముక్క ఆ దారిని పొడిగించింది, అంతే. డబ్బా ఆ దారిని పూర్తిగా మూసేస్తుంది.

తీగచుట్ట, అయస్కాంతం, కోన్‌తో పనిచేసే ఈ స్పీకర్‌ను అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో వివరించారు. వందేళ్ల తర్వాత కూడా బరాత్ డీజే బండిలో ఉన్నదీ, ఇంటి హాల్లో ఉన్నదీ మూలంలో అదే. ఎక్కువగా మారింది దాని చుట్టూ ఉన్న పెట్టె. 1950ల మొదట్లో లోతైన బేస్ కావాలంటే చిన్న బీరువా అంత క్యాబినెట్ పెట్టుకోవాల్సిందే. 1954లో ఎడ్గర్ విల్చర్ కోన్ అంచును బాగా వదులు చేసి, దాన్ని గాలి చొరబడని చిన్న పెట్టెలో బిగించాడు. కోన్‌ను వెనక్కి తెచ్చే స్ప్రింగు పని లోపలి గాలికే వదిలేశాడు. కోన్‌ను పట్టి ఉంచే సస్పెన్షన్, గుడ్డతో చేసినదైనా రబ్బరుతో చేసినదైనా, ఎక్కువ సాగితే మొండికేస్తుంది. గాలి అలా కాదు, నెట్టినంత మేరకే తిరిగి నెడుతుంది. అలా షెల్ఫ్‌లో పట్టే పెట్టెలోంచి చెదరని బేస్ వచ్చింది.

కానీ దానికి పవర్ ఎక్కువ పోయాలి. చిన్న డబ్బా, లోతైన బేస్, తక్కువ వాట్లకే పెద్ద శబ్దం: ఈ మూడింట్లో ఏ రెండైనా దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. నిమజ్జనం రోజు ట్రాలీల మీద తిరిగే డబ్బాలు అంత పెద్దగా ఉండేది అందుకే.

విడిభాగాల కిట్ తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని పాత స్పీకర్ డిజైన్లను మళ్లీ కట్టగలుగుతున్నామంటే ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ వేసిన లెక్కలే ఎక్కువగా కారణం. కోన్ తనంతట తాను ఏ ఫ్రీక్వెన్సీలో ఊగుతుంది, ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుంది, దాని సస్పెన్షన్ ఎన్ని లీటర్ల గాలికి సమానం: ఈ మూడు అంకెలు తెలిస్తే డబ్బా సైజు కాగితం మీదే తేలిపోతుంది. అంతకుముందు చాలావరకు కోసి, విని, మళ్లీ కోయడమే.

కిట్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బీబీసీ వాళ్ల ఎల్ఎస్ 3/5ఏ అనే చిన్న స్పీకర్. ఓబీ వ్యాన్లలో (బయటి కార్యక్రమాలను ప్రసారం చేసే బండ్లలో) ఇరుకు చోట పెట్టుకోవడానికి 1970లలో తయారుచేశారు. ఎత్తు 30 సెంటీమీటర్లు, లోపల 5 లీటర్ల గాలి, కెఫ్ కంపెనీవే వూఫర్ (కింది స్వరాలు పలికేది), ట్వీటర్ (పై స్వరాలు పలికేది). ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 82, 83 డెసిబెల్స్ వస్తాయి. స్టేజీ స్పీకర్లు అదే వాట్‌తో 95 దాటేస్తాయి. 10 డెసిబెల్స్ తేడా అంటే పదింతల పవర్ అని గుర్తుంచుకుంటే, ఇది పెండ్లి పందిట్లోకి పనికిరాదని వేరే చెప్పక్కర్లేదు. దీని గొప్పతనం గొంతులో ఉంది. బీబీసీ ఇంజనీర్లు ఎదురుగా మనిషిని మాట్లాడించి, అదే గొంతు స్పీకర్‌లో విని పోల్చి చూసుకునేవారు.

మనవాళ్లు స్పీకర్ కొనేటప్పుడు మాగ్నెట్ బరువు చూస్తారు. నేనైతే ముందు పలక మీద వేలి కణుపుతో కొడతాను. 'టంగ్' అని సాగిందంటే ఆ పలక కూడా పాడుతుందన్నమాట, పాటలో లేని స్వరం కలుపుతుందన్నమాట. 'దబ్' అని అక్కడే ఆగిపోవాలి. డప్పును మంట దగ్గర కాచి బిగువు తెచ్చేది అది మోగాలని. స్పీకర్ డబ్బాకు కావలసింది సరిగ్గా దానికి తిరగేసింది. బీబీసీ వాళ్లు చెక్క మందం పెంచుకుంటూ పోలేదు. సన్నటి బర్చ్ ప్లైవుడ్ తీసుకుని లోపల తారు షీట్లు అంటించారు. కంపనం తారులో వేడిగా మారి చచ్చిపోతుంది. అలాంటి షీట్లే కార్ డెకార్ షాపుల్లో డోర్ల లోపల అంటించడానికి అమ్ముతారు.

వరంగల్‌లో ఈ పని మొదలుపెట్టే ఎవరికైనా ఆదిలాబాద్ టేకు పెడదామనిపిస్తుంది. అందం నిజమే. కానీ గట్టి చెక్క వానాకాలం అడ్డంగా ఉబ్బుతుంది, మే నెలలో కుంచించుకుపోతుంది, చివరికి జాయింటు దగ్గర సందు ఇస్తుంది. ప్లైవుడ్‌లో పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డం, నిలువు ఉంటాయి కాబట్టి అంత కదలదు. టేకు మీద మనసుంటే పైన వినీర్, అంటే పల్చటి టేకు పొర, వేయించుకోండి. ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసే పలక) వాడితే కోసిన అంచులకు సీలర్ పట్టించాలి, లేకపోతే తేమ తాగి ఉబ్బుతాయి.

సీలు చేసిన డబ్బా సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి పరికరం అక్కర్లేదు. వూఫర్ కోన్‌ను రెండు వేళ్లతో, మధ్యలోని మూత పక్కన, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. నిదానంగా వెనక్కి వస్తే గాలి లోపలే ఉన్నట్టు. టక్కున వచ్చేస్తే ఎక్కడో లీకేజీ ఉంది. ఎక్కువసార్లు అది వైరు బయటికొచ్చే టెర్మినల్ దగ్గరే ఉంటుంది.

ఇక క్రాసోవర్, అంటే పాటను వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే సర్క్యూట్. వేగంగా మారే కరెంటును కాయిల్ అడ్డుకుంటుంది, నిదానంగా మారే కరెంటును కెపాసిటర్ అడ్డుకుంటుంది. కాయిల్ వెనక వూఫర్‌ను, కెపాసిటర్ వెనక ట్వీటర్‌ను పెడితే పాట రెండుగా విడిపోతుంది. చిన్న వూఫర్లున్న సెట్లలో ఈ హద్దు తరచూ 3000 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఎందుకంటే అక్కడ తరంగం పొడవు 11 సెంటీమీటర్లకు దిగి, 5 అంగుళాల వూఫర్ సైజుకు దగ్గరపడుతుంది. అప్పటినుంచి శబ్దం నలువైపులా పరుచుకోకుండా టార్చిలైటులా ముందుకే పోతుంది. బోర్డు మీద రెండు కాయిల్స్‌ను పక్కపక్కన ఒకే దిక్కున పడుకోబెట్టకండి. ఒకదాని అయస్కాంత క్షేత్రం రెండోదాంట్లోకి దూరుతుంది. ఒకటి పడుకోబెట్టి, రెండోది నిలబెట్టాలి.

సోల్డరింగ్‌కు ముందు వూఫర్ టెర్మినల్స్‌కు ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కు ప్లస్ తగిలితే మామూలుగా కోన్ ముందుకు దూకుతుంది. జతలో ఒకటి తిరగబడిందంటే బేస్ మాయమవుతుంది, పాడేవాడు రెండు స్పీకర్ల మధ్యలో నిలబడి పాడుతున్నట్టు అనిపించదు. ట్వీటర్ సంగతి వేరు. కొన్ని డిజైన్లలో దాన్ని కావాలనే తిరగేస్తారు, డ్రాయింగ్‌లో ఉన్నట్టే కలపండి.

మన ఎండల గురించి కూడా కొందరికి టెన్షన్. 20 డిగ్రీల్లో సెకనుకు 343 మీటర్లు పోయే శబ్దం 45 డిగ్రీల్లో దాదాపు 358 మీటర్లు పోతుంది. సీలు చేయకుండా, బేస్ కోసం గొట్టం పెట్టిన డబ్బాను 40 హెర్ట్జ్‌కు ట్యూన్ చేస్తే మే నెల మధ్యాహ్నం అది 42 దగ్గరికి జరుగుతుంది. చెవికి తెలియదు. తెలిసేది గది. ఎదురెదురు గోడలు 4 మీటర్ల దూరంలో ఉంటే 43 హెర్ట్జ్ దగ్గర గదే ఊగుతుంది. పైన స్లాబు, కింద బండలు, చుట్టూ నున్నటి గోడలు ఉన్న హాల్లో పై స్వరాలు కూడా గోడ నుంచి గోడకు కొట్టుకుంటాయి. కిట్‌లో దీనికి విడిభాగం ఏదీ రాదు. స్పీకర్లను గోడకు రెండడుగులు ముందుకు జరపండి, కూర్చునే చోటుకు, స్పీకర్లకు మధ్య నేల మీద ఒక మందపాటి బొంత పరవండి. కెపాసిటర్లు మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.