డ్రైవర్ చూసి కూడా బ్రేక్ వేయలేదా? రైలు గురించి అపోహలు - వాస్తవాలు

పట్టాల మీద ఎవరి ప్రాణమైనా పోయిన ప్రతిసారీ ఊళ్లో వినిపించే మాట ఒకటే: "డ్రైవర్ చూసి కూడా బ్రేక్ వేయలేదు." నేను లోకో పైలట్‌ని, అంటే రైలు డ్రైవర్‌ని. ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. జనం రైలును రోడ్డు మీద బండిలాగే ఊహించుకుంటారు. అపోహలన్నీ అక్కడే పుడుతున్నాయి, ప్రాణాలూ అక్కడే పోతున్నాయి.

అపోహ: సడన్ బ్రేక్ వేస్తే పెట్టెలు పడిపోతాయని డ్రైవర్లు వేయరు.

వేస్తాం. మనిషి కనిపించగానే ఒక చెయ్యి హారన్ మీదికి, ఇంకో చెయ్యి ఎమర్జెన్సీ బ్రేక్ మీదికి పోతాయి. వేసినా బండి వెంటనే ఆగదు, అసలు సంగతి అదీ. నిండా ప్రయాణికులున్న 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ ఇంజన్‌తో కలిపి వెయ్యి టన్నుల పైమాటే. ఒక్కో చక్రం పట్టాకు ఆనే చోటు రూపాయి బిళ్లంత ఉంటుంది. ఉక్కు మీద ఉక్కు. తారు రోడ్డు మీద టైరుకు దొరికే పట్టులో ఇక్కడ కొద్ది వంతే దొరుకుతుంది. వాన తుంపర పడితే అదీ తగ్గుతుంది. అందుకే ప్రతి ఇంజన్‌లో ఇసుక పెట్టెలుంటాయి, చక్రం జారితే దాని ముందు ఇసుక వదులుతాం.

గంటకు 110 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 30 మీటర్లు దాటుతుంది. ఎమర్జెన్సీ వేశాక పూర్తిగా నిలబడేసరికి ముప్పావు కిలోమీటరు పోవచ్చు, ఒక్కోసారి కిలోమీటరు కూడా పోవచ్చు. వంపు తిరగ్గానే 300 మీటర్ల దూరంలో మనిషి కనిపిస్తే మిగిలేది సుమారు పది సెకన్లు. స్టీరింగ్ లేదు, పక్కకు తప్పించే దారి లేదు. హారన్ కొడుతూ, బ్రేక్ వేసి, చూస్తూ కూర్చోవాలి.

"రైలొస్తే చప్పుడు వినపడదా?" అంటారు. ఒకప్పుడు పట్టాల అతుకుల దగ్గర టకటకమని దూరం నుంచే తెలిసేది. ఇప్పుడు పట్టాలు కిలోమీటర్ల పొడవున వెల్డింగ్‌తో కలిసి ఉంటాయి, పైగా కరెంటు ఇంజను. ఎదురుగా నిలబడ్డవాడికి బండి బాగా దగ్గరికొచ్చేదాకా చప్పుడు తెలియదు. అంత పెద్ద బండి దూరం నుంచి నెమ్మదిగా వస్తున్నట్టే కనిపిస్తుంది కూడా. డబుల్ లైన్ మీద ఇంకో గండం: ఒక బండి వెళ్లిపోగానే పరుగెత్తి దాటుతారు, అదే సమయంలో రెండో లైన్లో ఎదురు బండి వస్తుంది. ఈ తీరున పోయినవాళ్లు ఎందరో. అనుమతి లేని చోట పట్టాలు దాటడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం కూడా, కానీ నా భయం జరిమానా గురించి కాదు.

అపోహ: బ్రేకులు ఫెయిలైతే రైలు ఇక ఆగదు.

రైలు బ్రేకు పనిచేసే తీరు చాలామంది అనుకునేదానికి తలకిందులు. ఇంజన్ నుంచి చివరి పెట్టె దాకా ఒక గొట్టం ఉంటుంది, మేం బీపీ (బ్రేక్ పైపు) అంటాం. అందులో 5 కిలోల ప్రెషర్‌తో గాలి నిండి ఉన్నంతసేపూ బ్రేకులు వదులుగా ఉంటాయి. గాలి తగ్గితే పట్టేస్తాయి. అంటే మధ్యలో పెట్టెలను కలిపే కప్లింగ్ తెగి బండి రెండు ముక్కలైతే గొట్టం విడిపోతుంది, గాలి బయటికి పోతుంది, రెండు ముక్కలూ తమంతట తామే ఆగుతాయి. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లో తెచ్చిన ఈ పద్ధతి ఎంత గొప్పదో డ్యూటీ ఎక్కిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

చైన్ లాగితే ఇంజన్లో గంట మోగుతుందనుకుంటారు. చైన్ చేసే పని ఆ పెట్టె దగ్గర బీపీ గాలిని వదిలేయడం. నా ముందున్న మీటర్లో గాలి పోతున్నట్టు కనిపిస్తుంది. బండి ఆగాక అసిస్టెంటో గార్డో కంకర మీద నడుచుకుంటూ వెళ్లి, బుస్సుమంటున్న పెట్టెను వెతికి, సరిచేసి రావాలి. ఆ తర్వాత గొట్టం మళ్లీ నిండాలి. వెనక బండ్లన్నీ నిలిచిపోతాయి. సరైన కారణం లేకుండా లాగితే 141వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

అపోహ: పైన తీగను ముట్టుకుంటేనే షాక్ కొడుతుంది.

ఇది చదివేవాళ్లలో ఒక్క కుర్రాడైనా గుర్తుపెట్టుకుంటే చాలు. మీ ఇంట్లో కరెంటు 230 వోల్టులు. మా తీగలో 25,000. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు, మధ్యలో గాలిని చీల్చుకుని మెరుపులా దూకుతుంది. రెండు మీటర్ల లోపలికి ఎవరూ వెళ్లకూడదని మా నిబంధన. యార్డులో ఆగి ఉన్న గూడ్స్ వ్యాగన్ ఎక్కి సెల్ఫీకి చెయ్యి పైకెత్తితే ఆ దూరం ఇట్టే కరిగిపోతుంది. రబ్బరు చెప్పులు కాపాడవు. బండి లేనప్పుడు కూడా తీగలో కరెంటు ఉంటుంది. మా సిబ్బంది సైతం పవర్ బ్లాక్ తీసుకుని, అంటే తీగలో కరెంటు ఆపించి, ఎర్త్ చేశాకే పైకి ఎక్కుతారు.

తీగ మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. కొన్ని బండ్లలో నడుస్తుండగా ఏసీ కొద్ది సెకన్లు ఆగి మళ్లీ వస్తే కంగారు పడకండి. రెండు సబ్‌స్టేషన్ల సరఫరా కలవకుండా మధ్యలో న్యూట్రల్ సెక్షన్ అనే కరెంటు లేని తీగ ముక్క ఉంటుంది. అక్కడ కరెంటు ఆపుకుని వేగం మీదే దాటిపోతాం.

అపోహ: వంతెన దాటేశాక కూడా నెమ్మదిగా వెళ్తున్నాడంటే డ్రైవర్‌కి బద్ధకం.

వంతెన దాటింది మీ పెట్టె. చివరి పెట్టె ఇంకా దాని మీదే ఉంది. ఫలానా చోట నెమ్మదిగా వెళ్లమని మాకిచ్చే కాషన్ ఆర్డర్‌లో రాసిన వేగం మొత్తం బండికి వర్తిస్తుంది. పట్టాల పక్కన టీ/పీ అని రాసిన పసుపు బోర్డు వచ్చాకే ప్యాసింజర్ బండి వేగం పెంచాలి.

ఏ లైన్లోకి వెళ్లాలో కూడా మేం ఎంచుకోం. బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్లోకి మళ్లించే పాయింట్లు తిప్పేది స్టేషన్ మాస్టర్. డ్రైవర్ నిద్రపోతే ఎలాగంటారా? ఒక నిమిషం పాటు నేను ఏ మీటా కదపకపోతే లైటు వెలుగుతుంది, బజర్ మోగుతుంది, అప్పటికీ కదలిక లేకపోతే యంత్రమే బ్రేక్ వేస్తుంది.

అపోహ: మామూలు జనం ఎర్రగుడ్డ ఊపితే డ్రైవర్ పట్టించుకోడు.

పట్టించుకుంటాం, ఆపుతాం. ఎర్ర తువ్వాలైనా, చీరైనా సరే. ఎక్కడ నిలబడి ఊపుతున్నారన్నదే ముఖ్యం. పట్టా విరిగిన చోటే నిలబడితే లాభం లేదు, నేను చూసి బ్రేక్ వేసినా బండి దాన్ని దాటేస్తుంది. మా ట్రాక్ సిబ్బంది 600 మీటర్ల దూరంలో అడ్డంగా బ్యానర్ జెండా కడతారు, 1200 మీటర్ల దగ్గర పట్టా మీద 10 మీటర్లకొకటి చొప్పున మూడు డిటొనేటర్లు (చక్రం ఎక్కగానే పెద్ద చప్పుడుతో పేలే బిళ్లలు) పెడతారు. మీరు కూడా బండి వచ్చే వైపు వీలైనంత దూరం పరుగెత్తండి. పట్టాల మధ్యలో కాకుండా పక్కన నిలబడి ఊపండి. సింగిల్ లైన్ అయితే బండి ఎటు నుంచైనా రావచ్చు, రెండో వైపుకి ఇంకొకరిని పంపండి. మరొకరు దగ్గర్లోని గేట్‌మన్‌కో స్టేషన్ మాస్టర్‌కో చెప్పండి, లేదా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి.