కోవిడ్ మహమ్మారి ఆంక్షల్లో విదేశీ ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

చెన్నై టి. నగర్‌లోని మా ట్రావెల్ ఏజెన్సీకి వచ్చేవారిలో ఎక్కువమంది విదేశాల్లో పిల్లలున్న తెలుగువారే. 2020 మార్చిలో ఆగిన షెడ్యూల్డ్ అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న మళ్ళీ మొదలయ్యేదాకా వందే భారత్ (ప్రభుత్వం నడిపిన ప్రత్యేక విమానాలు), ఎయిర్ బబుల్ (రెండు దేశాల ఒప్పందంతో నడిచినవి) విమానాలతోనే నెట్టుకొచ్చాము. ఆనాటి అపోహలు కొన్ని ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నాయి.

అపోహ: వీసా ఉంటే విమానం ఎక్కనిస్తారు.
వీసా వేరు, ప్రవేశానుమతి వేరు. అంతకుముందు 14 రోజుల్లో భారతదేశంలో ఉన్నవారి రాకపై 2021 మే 4న అమెరికా ఆంక్ష విధించింది. పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకు మినహాయింపు ఉన్నా, పదేళ్ళ విజిటర్ వీసా ఉన్న తల్లిదండ్రులు నేరుగా వెళ్ళడానికి నవంబరు 8 దాకా ఆగవలసి వచ్చింది. పైగా పత్రాలను మొదట పరిశీలించేది ఇమిగ్రేషన్ అధికారి కాదు, చెక్-ఇన్ కౌంటర్‌లోని ఉద్యోగి. పత్రాలు సరిగా లేనివారిని తీసుకెళ్తే జరిమానా, వెనక్కి తెచ్చే భారం ఎయిర్‌లైన్ మీదే పడతాయి గనుక, ఆ ఉద్యోగి టైమ్యాటిక్‌లో (ఎయిర్‌లైన్లు వాడే, దేశాల ప్రవేశ నిబంధనల డేటాబేస్) కనిపించే నిబంధననే పాటిస్తారు. "మా అబ్బాయి అన్నీ కనుక్కున్నాడండీ" అన్న మాట అక్కడ చెల్లదు.

అపోహ: కోవిడ్ పరీక్ష గడువును రిపోర్టు వచ్చినప్పటి నుంచి లెక్కించాలి.
అన్నిటికంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టింది ఇదే. 2021 ఆగస్టులో దుబాయ్ ప్రయాణానికి అడిగిన 48 గంటల గడువును నమూనా ఇచ్చిన సమయం నుంచి లెక్కించేవారు. ఆదివారం తెల్లవారుజామున 3 గంటల విమానానికి గురువారం సాయంత్రం నమూనా ఇచ్చి, శుక్రవారం రిపోర్టు అందుకున్నవారికి అది పనికివచ్చేది కాదు. దానికి తోడు బయలుదేరడానికి ముందు 6 గంటల లోపు విమానాశ్రయంలోనే ర్యాపిడ్ పీసీఆర్ (త్వరగా ఫలితమిచ్చే పరీక్ష) చేయించుకోవలసి వచ్చేది. నమూనా తీసుకున్న సమయం రిపోర్టు మీద ఉన్నదో లేదో ల్యాబ్ గుమ్మం దాటకముందే చూసుకోవలసింది.

అపోహ: విమానాశ్రయం దాటి బయటికి వెళ్ళకపోతే మధ్యలోని దేశంతో పనిలేదు.
2021లో భారత్ నుంచి వచ్చే నేరు విమానాలను కెనడా ఆపినప్పుడు, చుట్టుదారిలో వెళ్ళేవారు భారత్‌లో కాక మధ్యలోని మూడో దేశంలో చేయించుకున్న పరీక్షనే చూపవలసి వచ్చింది.

అపోహ: టీకా పత్రం ఉంటే చాలు.
మన ఇంటిపేర్లతోనే చిక్కంతా. ఆధార్‌లో "కె. వి. సుబ్బారావు" అని ఉన్న పేరే కోవిన్ (ప్రభుత్వ టీకా పోర్టల్) పత్రం మీదికి వచ్చేది, పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టు నంబరు జోడించినంత మాత్రాన పేరు దానంతటదే మారేది కాదు, సవరణకేమో ఒక్కసారే అవకాశం ఇచ్చారు. ఆ ఒక్క అవకాశాన్నీ పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని, అక్షరం అక్షరం సరిచూసుకుని వాడుకోవలసింది.

అపోహ: మహమ్మారి కాబట్టి టికెట్ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది.
టికెట్ డబ్బు వాపసుపై 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు లాక్‌డౌన్ నాటి టికెట్లకు సంబంధించినది. ఆ తర్వాతి రోజుల్లో పాజిటివ్ వచ్చి ప్రయాణికులే మానుకుంటే, మామూలుగా ఆ టికెట్ షరతులే వర్తించేవి. అందువల్ల కొంచెం ఖరీదైనా తేదీ మార్చుకోగల టికెట్‌నే నేను సూచించేవాడిని.