ఎర్రపొడి లోపల ఏముంది?

లోహ సంక్లిష్టాన్ని, అంటే నడుమ ఒక లోహ పరమాణువు, దాన్ని అంటిపెట్టుకుని ఇతర అణువులో అయాన్లో ఉన్న పదార్థాన్ని, తయారుచేయడం చాలాసార్లు తేలికే. ఆకుపచ్చటి నికెల్ లవణ ద్రావణంలో డైమిథైల్‌గ్లైయాక్సిమ్ అనే కర్బన పదార్థం పోసి, కాస్త అమోనియా చేరిస్తే గులాబీ ఎరుపు అవక్షేపం దిగుతుంది. 1905లో రష్యన్ రసాయనవేత్త చుగాయెవ్ చూపిన చర్య ఇది. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ పొడిలో ఏ పరమాణువు ఎక్కడుంది?

1893లో స్విట్జర్లాండ్ రసాయనవేత్త ఆల్ఫ్రెడ్ వెర్నర్ ఇలాంటి ప్రశ్నకు ఎక్స్-రేలు లేకుండానే జవాబు చెప్పాడు. కోబాల్ట్ క్లోరైడ్, అమోనియా కలిసిన లవణాలకు సిల్వర్ నైట్రేట్ చేరిస్తే, పసుపు లవణంలోని మూడు క్లోరైడ్లూ అవక్షేపిస్తాయి, ఊదా లవణంలో రెండే. మిగిలిన ఒకటి లోహాన్ని అంటిపెట్టుకుని ఉందన్నమాట. ఇలాంటి లెక్కలతో, ఐసోమర్ల (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న రూపాల) సంఖ్యతో కోబాల్ట్ చుట్టూ ఆరు స్థానాల అష్టముఖి ఉందని తేల్చాడు. 1913లో నోబెల్ వచ్చింది. రసాయనశాస్త్రంలో ఇంత సొగసైన తర్కం నాకు మరొకటి తోచదు.

ఇప్పుడైతే స్ఫటికాన్నే అడుగుతాం. మిల్లీమీటరులో పదో వంతున్నా చాలు, లోపల అమరిక చెదరకూడదు. తొందరపెడితే పొడే మిగులుతుంది. అందుకే సంక్లిష్టం కరిగిన చిన్న సీసాను ఈథర్ ఉన్న పెద్ద సీసాలో మూత తీసి నిలబెట్టి, పెద్దదానికి బిరడా బిగిస్తారు. ఈథర్ ఆవిరి మెల్లగా ద్రావణంలోకి చేరేకొద్దీ సంక్లిష్టం కరిగి ఉండలేక స్ఫటికంగా బయటపడుతుంది. రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. ఒక్కోసారి అడుగున జిగురు తప్ప ఏమీ దొరకదు.

దొరికిన స్ఫటికం మీద మాలిబ్డినం నుంచి వచ్చే 0.71 ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) తరంగదైర్ఘ్యపు ఎక్స్-రేలను పంపి, అవి చెదిరి ఏర్పడే చుక్కల తీవ్రతల నుంచి ఎలక్ట్రాన్ సాంద్రతను గణిస్తారు. లోహం స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్ అంత తేలిగ్గా దొరకదు, దాని చోటును చాలాసార్లు జ్యామితి లెక్కతోనే పెడతారు.

ఆ ఎర్రపొడి నిర్మాణం 1953లో తేలింది. రెండు లైగాండ్లలోని (లోహాన్ని పట్టుకునే భాగాలు, ఇక్కడ డైమిథైల్‌గ్లైయాక్సిమ్ నుంచి వచ్చినవి) నాలుగు నైట్రోజన్లు నికెల్‌ను చదునుగా చుట్టుకున్నాయి, అంచుల్లో హైడ్రోజన్ బంధాలు ఆ రెంటినీ ముడివేశాయి. ఈ పలకలు ఒకదానిపై ఒకటి పేరుకోవడంతో నికెల్‌కూ నికెల్‌కూ మధ్య సుమారు 3.25 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరమే ఉంది.

రాగి(II), అంటే రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన రాగి, తీరు వేరు. ఆరు బంధాల్లో నాలుగు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంటే, ఎదురెదురుగా ఉన్న రెండు తరచూ 2.3 దాటి సాగుతాయి. దీన్ని యాన్-టెల్లర్ ప్రభావం అంటారు. స్ఫటికంలో కనిపించే ఆ పొడవాటి బంధం ద్రావణంలోనూ నిలుస్తుందన్న హామీ లేదు. అందుకే అదే పదార్థాన్ని కరిగించి వర్ణపటం కూడా తీస్తారు.