నిలకడ నీటిలో నత్త వాసన పట్టే తీరు

నత్తకు ముక్కు లేదు, నీటి లోపల గాలి వీచదు, మరి కాస్త దూరంలో ఒక ఆకు కుళ్లుతున్న సంగతి దానికి ఎలా తెలుస్తుందని ఒక పాఠకురాలు అడిగారు. కొమ్ములతో వాసన చూస్తుందని ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోవచ్చు గానీ, అసలు చిక్కు కొమ్ముల దగ్గర లేదు. కొమ్ములు ఎంత సున్నితమైనవైనా వాసన ముందు వాటి దాకా రావాలి, నీటిలో ఆ రావడమే కష్టం.

ఉదాహరణకు నేను తీసుకుంటున్నది బయోంఫలేరియా గ్లబ్రాటా అనే మంచినీటి నత్తను. కరీబియన్ దీవుల్లోనూ దక్షిణ అమెరికాలోనూ నిదానంగా పారే కాలువల్లో, మడుగుల్లో బతికే ఈ నత్తకు బిళ్లలా చదునుగా చుట్టుకున్న గుల్ల, హిమోగ్లోబిన్‌తో ఎర్రబారిన రక్తం ఉంటాయి. మనిషి రక్తనాళాల్లో కాపురముండే షిస్టోసోమా మాన్సోని అనే పురుగు తన బాల్యదశలను ఈ నత్త ఒంట్లోనే గడుపుతుంది. షిస్టోసోమా జాతుల వల్ల కలిగే జబ్బుకు 2021లో ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల మందికి పైగా నివారణ చికిత్స అవసరమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఇక వాసన ప్రయాణానికి వద్దాం. కదలని నీటిలో కరిగిన అణువు ఒక దిక్కుకు నడవదు. చుట్టూ ఉన్న నీటి అణువుల తోపులాటకు అటొక అడుగు, ఇటొక అడుగు తూలుతూ ఉంటుంది. దీనినే విసరణ అంటారు. ఇందులో దూరం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లవుతుంది, దూరం పది రెట్లైతే కాలం వంద రెట్లవుతుంది. అమైనో ఆమ్లం వంటి చిన్న అణువుకు ఈ పద్ధతిలో ఒక మిల్లీమీటరు దాటడానికి సుమారు 8 నిమిషాలు, ఒక సెంటీమీటరు దాటడానికి సుమారు 14 గంటలు, పది సెంటీమీటర్లు దాటడానికి దాదాపు రెండు నెలలు పడతాయి. అంటే జానెడు దూరంలో ఉన్న ఆకు వాసన విసరణ ఒక్కదానితోనే నత్తను చేరాలంటే, అది చేరేలోగా ఆకే మిగలదు.

అందువల్ల నత్తకు వాసనను మోసుకువచ్చేది విసరణ కాదు, నీటి కదలిక. ఎండకు పైపొర వేడెక్కినా, ఒక చేప తోక ఆడించినా, గాలికి నీటి మట్టం కాస్త వణికినా, కరిగిన పదార్థం సన్నని పోగులుగా చీలి సాగిపోతుంది. పాఠ్యపుస్తకాల్లో గాఢతా ప్రవణతను, అంటే చోటును బట్టి గాఢత మారే తీరును, ముదురు రంగు క్రమంగా పలచబడుతున్నట్లు నున్నగా వేస్తారు; ఆ బొమ్మను చూసి, వాసన పెరిగే వైపుకు నడిస్తే చాలునని విద్యార్థి అనుకోవడంలో తప్పు లేదు. నిజమైన మడుగులో మాత్రం చిక్కని పోగు పక్కనే ఏ వాసనా లేని నీరు ఉంటుంది, మరుక్షణం ఆ రెండూ చోటు మార్చుకుంటాయి. నత్త రెండు పొడవాటి కొమ్ములనూ ఎడంగా చాచి, నెమ్మదిగా ఆడిస్తూ పాకడం ఈ లెక్కన చూస్తే అర్థవంతంగా కనిపిస్తుంది. కొమ్ముల మధ్య ఎడం ఎంత ఉంటే అంత మేర పోగులు వలలో పడతాయి.

పోగు వచ్చి కొమ్మును తాకినా పని పూర్తి కాదు. నీరు ఎంత పారుతున్నా, ఏ వస్తువు ఒంటినైనా అంటిపెట్టుకొని ఒక పలుచని నీటిపొర దాదాపు కదలకుండా నిలిచిపోతుంది, ఆ చివరి పొరను మాత్రం అణువు విసరణతోనే దాటాలి. ఇక్కడ ఇందాకటి లెక్కనే తిరగవేయండి. పొర మందం ఒక మిల్లీమీటరైతే 8 నిమిషాల నిరీక్షణ, మిల్లీమీటరులో పదో వంతైతే 5 సెకన్లు, నూరో వంతైతే సెకనులో ఇరవయ్యో వంతు. దూరపు వర్గాన్ని బట్టి కాలం పెరుగుతుందనే ఈ వర్గ నియమం దూరానికి శత్రువు, అదే దగ్గరితనానికి ఇలా మిత్రుడవుతుంది. సూక్ష్మదర్శిని కింద కొమ్మును చూస్తే దాని మీద వెంట్రుకల్లా మొలిచిన శైలికలు కనిపిస్తాయి. అవి కొట్టుకుంటున్నప్పుడల్లా ఆ నిలకడ పొర పలచబడి, కొత్త నీరు చర్మానికి చేరువవుతుంది. కుక్క గాలిని ఎగబీల్చి చేసే పనినే నత్త కొమ్ము ఊపి, శైలికలు ఆడించి చేస్తుంది.

చర్మాన్ని చేరిన అణువును పట్టేవి గ్రాహక ప్రోటీనులు. ఒక్కొక్క గ్రాహకం కణపు పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటుతూ కుట్టినట్లు అమరి ఉంటుంది. బయటివైపు గుంటలో సరిపడే అణువు కూర్చోగానే దాని ఆకారం కాస్త మారి, లోపలివైపున ఉన్న జీ-ప్రోటీనును మేల్కొలుపుతుంది, ఆ ప్రోటీను రేపిన రసాయన సంకేతం అయాన్ల ద్వారాలను తెరిపిస్తుంది, విద్యుత్తు నాడి వెంట తలలోని నాడీసంధులకు, అంటే నాడీకణాల ముడులకు, చేరుతుంది. 2017లో వెలువడిన ఈ నత్త జన్యుపటంలో రసాయనాలను పసిగట్టే గ్రాహకాల కోవలోనివిగా 241 జన్యువులను గుర్తించారు. మనిషి ముక్కులో పనిచేసే గ్రాహక జన్యువులు 400 దాకా ఉంటాయని గుర్తుంచుకుంటే ఇది తక్కువేమీ కాదు. కుళ్లుతున్న మొక్కల నుంచి వచ్చే ప్రొపియోనేటు, పిండిపదార్థం విరిగితే వచ్చే మాల్టోజు ఈ నత్తను ఆకర్షిస్తాయి. వీటిని వాసన అనాలా, రుచి అనాలా అంటే, అన్నీ కరిగే వచ్చే చోట ఆ తేడాకు అర్థం లేదు. కొమ్ములు కాక, ప్రావారపు కుహరం (గుల్ల కింది చర్మపు మడత లోపలి ఖాళీ) దగ్గర నీటిని పరీక్షించే ఆస్ఫ్రేడియం అనే అవయవం కూడా ఉంది. పటం గీసి భాగాలు గుర్తించమన్నప్పుడు మేమంతా దాని పేరు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే గానీ, అది ఏం చేస్తుందని అడిగిన ఉపాధ్యాయులు నాకు తారసపడలేదు.

ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది. నత్త నీటిని వాసన చూస్తున్నప్పుడు, నీటిలో మరొకటి నత్తను వాసన చూస్తూ ఉంటుంది. షిస్టోసోమా గుడ్డు నుంచి వెలువడిన మిరాసిడియం అనే పిల్ల మిల్లీమీటరులో ఆరో, ఏడో వంతు పొడవుంటుంది, ఏమీ తినదు, ఒక రోజుకు మించి బతకదు. ఆ లోపల నత్తను చేరాలి. అంత చిన్న ఒంటికి రెండు కొసల మధ్య వాసన తేడా అందదు కనుక, అది సెకనుకు సుమారు రెండు మిల్లీమీటర్ల వేగంతో ఈదుతూ ఇప్పటి వాసనను ఇందాకటి వాసనతో పోల్చుకుంటుంది. తగ్గిందంటే గిరుక్కున వెనక్కి మళ్లుతుంది. నత్త ఒంటి నుంచి ఊరే గ్లైకోప్రోటీనులు (చక్కెరలు అతుక్కున్న ప్రోటీనులు) దానికి ఆనవాళ్లు. 12 అమైనో ఆమ్లాలే ఉన్న ఒక చిన్న పెప్టైడు కూడా మిరాసిడియం ఈత తీరును మార్చివేస్తుందని 2019లో తేలింది. నిలకడ నీటిలో నత్త వాసన దూరం పోలేక దాని చుట్టూనే పేరుకుంటుందన్న సంగతి ఈ పిల్లపురుగుకు వరం.

పురుగు జీవితంలోని ఈ మజిలీలో నత్త ఉందని ఒప్పుకోవడానికే శాస్త్రలోకానికి చాలా కాలం పట్టింది. కైరోలో పరాన్నజీవుల శాస్త్రవేత్త ఆర్థర్ లూస్ వంటి ఉద్దండుడు ఈ పురుగుకు నత్తతో పనే లేదని పట్టుబట్టారు. ఆసియా జాతి షిస్టోసోమా నత్తలో పెరగడాన్ని 1913లో జపానులో మియైరి, సుజుకి చూపారు, 1915లో ఈజిప్టులో లైపర్ అక్కడి జాతుల సంగతీ తేల్చారు. మూఢనమ్మకం చదువు లేనివారి సొత్తేనని అనుకునేవారికి నేను ఈ ఉదంతమే చెబుతూ ఉంటాను.

నత్తలను అదుపు చేయడానికి నేటికీ నీటిలో చల్లుతున్న మందు నిక్లోసమైడు. ఆ మందు కూడా వాసన నడిచే దారినే నడవాలి. చల్లిన వెంటనే అంతటా సమంగా కలిసిపోదు, పోగులు పోగులుగా సాగుతుంది. చిక్కని మోతాదు కంటే ముందు ఒక పలచని పోగు కొమ్మును తాకితే, నత్త ఆకు కాడ పట్టుకొని నీటి మట్టానికి పైకి పాకుతుంది. దీని గుల్లకు మూత లేకపోయినా, ఊపిరితిత్తితో గాలి పీల్చగలదు కనుక, తడి ఉన్న చోట గుల్లలోకి ముడుచుకొని కొంతకాలం ఆగగలదు. మందు పలచబడిన తరువాత మళ్లీ నీటిలోకి దిగుతుంది.