దూరపు సూపర్‌నోవాల న్యూట్రినోలు: "దొరికేశాయట కదా!"

"పాత సూపర్‌నోవాల న్యూట్రినోలు దొరికేశాయట కదా, ఇంకా ఏం వెతుకుతున్నారు?" ఈ నెలలో ఇలా అడిగినవాళ్లు నలుగురు. నాలుగోవాడు పరిశోధన విద్యార్థి. ఇక ఇందులో పనేమీ మిగల్లేదని అంశం మార్చుకునే ఆలోచనలో ఉన్నాడు. అందుకే రాయక తప్పడం లేదు. ఇవి విశ్వంలో ఇప్పటివరకు పేలిన నక్షత్రాలు (సూపర్‌నోవాలు) వదిలిన, దేనికీ దాదాపు తగలకుండా సాగిపోయే సూక్ష్మకణాలు. అన్నీ కలిపి వీటి పేరు "సూపర్‌నోవా న్యూట్రినో నేపథ్యం".

దొరకలేదు. 2024లో జపాన్‌లోని సూపర్ కామియోకాండే అనే భారీ నీటి డిటెక్టర్ బృందం చెప్పింది, నకిలీ సంకేతాల లెక్కకు మించి 2.3 సిగ్మా మిగులు ఉందని మాత్రమే. సిగ్మా అంటే ఆ మిగులు కాకతాళీయం కాదనడానికి కొలమానం. అంటే, అసలు ఆ న్యూట్రినోలే లేకపోయినా అంత మిగులు కాకతాళీయంగా కనబడే అవకాశం సుమారు నూటికి ఒకటి. దీన్ని తిరగేసి "99 శాతం ఖాయం" అని ప్రచారం చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆవిష్కరణ అనాలంటే 5 సిగ్మా కావాలి. అక్కడ ఆ అవకాశం దాదాపు 35 లక్షల్లో ఒకటి. ఆ డిటెక్టర్‌లోని 50,000 టన్నుల నీటిలో ఏడాదికి చిక్కేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నకిలీలేమో బోలెడు. వాటిని ఏరేయడానికే 2020లో ఆ నీటిలో గడోలినియం అనే మూలకాన్ని కలిపారు, అసలు సంకేతంలో వెలువడే న్యూట్రాన్ జాడ తెలుస్తుందని. కానీ ఆకాశం నుంచి దూసుకొచ్చే మ్యూయాన్లనే కణాలు నీటిలో పుట్టించే లిథియం-9 అనే అస్థిర పరమాణువు కూడా ఎలక్ట్రాన్‌తో పాటు న్యూట్రాన్‌ను వదులుతుంది. అచ్చం అసలు దానిలాగే!

లిథియం-9తో నాది పాత పగ. విద్యార్థిగా ఉన్నప్పుడు నా గ్రాఫులో ఒక చిన్న గుట్ట లేచింది. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు అమ్మకు ఫోను చేసి గొప్పలు చెప్పుకున్నాను. తీరా చూస్తే, మ్యూయాన్ వెళ్లాక లిథియం-9 సద్దుమణిగేదాకా డేటాను పక్కన పెట్టాల్సిన వ్యవధిని తక్కువ వేసుకున్నాను. సరిచేయగానే గుట్ట చదునైంది. "నీ నక్షత్రాలు ఏమయ్యాయి?" అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

పేరులో నేపథ్యం ఉంది కాబట్టి ఇది వడగట్టి పారేయాల్సిన రొద అనుకోవద్దు; మేం వెతికేదే ఇది. బిగ్ బ్యాంగ్ మిగిల్చిన న్యూట్రినోలు వేరు, వాటి శక్తి దీని ముందు లెక్కలోకే రాదు.

మొన్న ఒకావిడ, ఈ సూపర్‌నోవా న్యూట్రినోలు గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయా అని అడిగితే పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సూర్యుడి నుంచే చదరపు సెంటీమీటరుకు సెకనుకు సుమారు 6,500 కోట్ల న్యూట్రినోలు మనలోంచి దూసుకుపోతున్నాయి. దూరపు సూపర్‌నోవాలవి పదుల్లో ఉంటాయని అంచనా. 1987లో పొరుగు గెలాక్సీలో నక్షత్రం పేలినప్పుడు మూడు భారీ డిటెక్టర్లు కలిసి పట్టుకున్నవే దాదాపు పాతిక. అన్ని టన్నుల పదార్థాన్నే పట్టించుకోకుండా దాటిపోయేవి బిడ్డనేం చేస్తాయమ్మా అన్నాను. ఆవిడ ముఖం తేటపడింది.