మిర్చి ధర పడితే మునిగేది రైతు ఒక్కడేనా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు, పల్నాడు జిల్లాల్లో చిన్న వ్యాపారుల లెక్కలు చూసే ఆడిటర్‌గా ఏటా నేను వినే మాట ఒకటుంది: "మాది టౌను వ్యాపారమండీ, వ్యవసాయంతో మాకేం పని?" ఈ మాట అనేవారిలో బట్టల దుకాణం వారుంటారు, మోటారు సైకిళ్ల షోరూం వారుంటారు, ప్రైవేటు పాఠశాల నడిపేవారూ ఉంటారు. రెండేళ్లుగా ఇదే మాట అన్నవారే అప్పు వాయిదాలు కట్టలేక నా దగ్గరికి వస్తున్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

అపోహ: పంట పోయినా, ధర పడినా నష్టం రైతుకే.

వాస్తవం: జులై, ఆగస్టుల్లో మిర్చి నారు పోసిన నాటి నుంచే పురుగుమందుల దుకాణంలో రైతు ఖాతా పెరగడం మొదలవుతుంది. కోతలు మొదలయ్యాక కూలి, కల్లంలో ఆరబెట్టి తాలు (రంగు పోయిన కాయలు) ఏరినందుకు మళ్లీ కూలి, టిక్కీలకు (మిర్చి బస్తాలకు) ఎత్తి గుంటూరు మిర్చి యార్డుకు చేర్చినందుకు లారీ కిరాయి, యార్డులో హమాలీ ఖర్చులు, కమీషన్, అమ్మకుండా ఉంచిన సరుకుకు కోల్డ్ స్టోరేజీ అద్దె, ఇలా ప్రతి క్వింటా మీద రైతు కాని మనుషులు ఎందరో బతుకుతారు. ఇవన్నీ పోగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రైతు చేతికి వచ్చే సొమ్ముతోనే పాత బాకీలు తీరతాయి, పాఠశాల ఫీజులు కడతారు, పెళ్లి బట్టలు కొంటారు, బండ్లు మారుస్తారు.

2023లో క్వింటా మిర్చి ధర 20,000 రూపాయలు దాటినప్పుడు ఈ ప్రాంతంలో కొత్త దుకాణాలు చాలానే వెలిశాయి. 2025 ఫిబ్రవరి నాటికి, ధర పడినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధరను కేంద్రం ప్రకటించవలసి వచ్చిందంటే ఎంతగా పడిపోయిందో గ్రహించవచ్చు. పల్నాడులో ఒక షోరూం యజమాని మంచి ఏడాది అమ్మకాలు చూసుకుని రెండో శాఖ కోసం అప్పు చేశారు. గిరాకీ సగానికి పడిపోయినప్పుడు ఎండల వల్లనో, ఎదుటి వీధిలో వచ్చిన పోటీ వల్లనో అనుకున్నారు తప్ప యార్డు వైపు చూడలేదు. ఆయన నెలవారీ అమ్మకాల పక్కన మిర్చి ధరలు రాసి ఇచ్చాక ఇక పోటీ ఊసెత్తలేదు.

మా నాన్నగారు పల్లెలో కిరాణా కొట్టు నడిపేవారు. "కల్లాలయ్యాక ఇస్తాం" అన్న మాట మీదే సరుకు ఇచ్చేవారు కాబట్టి, పూత మీద వాన పడిన ఏడాది ఎవరూ చెప్పకుండానే టోకు వ్యాపారి దగ్గర తక్కువ సరుకు దించుకునేవారు. వాతానుకూల షోరూములు కట్టిన తరువాత ఆ జాగ్రత్తే కరువైంది.

అప్పు కోసం వెళ్లేవారు ధర పడిన ఏడాది అమ్మకాలతో వాయిదా కట్టగలరో లేదో ముందుగా లెక్క వేసుకోవాలి. ఇప్పటికే చిక్కుల్లో పడి నిద్రపట్టనివారు వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడాలి, ఎందుకంటే 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీల్లో చేరుతుంది, ఆ తరువాత మాట్లాడటానికి దారులు తగ్గిపోతాయి. వ్యాపార రుణాలు కూడా మాఫీ చేస్తారట అంటూ వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మి ఊరుకోవద్దు. 2014 తరువాత రాష్ట్రంలో అమలైన రుణమాఫీలోనూ దుకాణాల అప్పులు లేవు.

అపోహ: జిల్లా స్థూల ఉత్పత్తిలో (ఏడాదిలో జిల్లాలో జరిగిన మొత్తం ఉత్పత్తి, సేవల విలువలో) వ్యవసాయం వాటా చూస్తే దాని విలువ తెలిసిపోతుంది.

వాస్తవం: ఆ పద్దులో కనిపించేది పండిన పంట విలువ మాత్రమే. అదే మిర్చి కారం మిల్లుకు వెళితే పరిశ్రమల పద్దులో, కోల్డ్ స్టోరేజీకి, యార్డుకు వెళితే సేవల పద్దులో చేరుతుంది. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక చాలా పంట పల్నాడులో పండుతుండగా యార్డు గుంటూరులో ఉండిపోయింది, కాబట్టి ఒక జిల్లా పంట మరో జిల్లా వ్యాపారంగా లెక్కకు వస్తున్నది.

అపోహ: మిర్చి డబ్బంతా ఇక్కడే తిరుగుతుంది.

వాస్తవం: తిరగదు. కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి కోతలకు వలస వచ్చిన కుటుంబాలతో పాటు కూలి సొమ్ములో కొంత కర్నూలు జిల్లాకు వెళుతుంది, మందుల ఖర్చులో పెద్ద భాగం తయారీ కంపెనీలకు చేరుతుంది.

అపోహ: వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి మిర్చి వ్యాపారానికీ లేదు.

వాస్తవం: కమీషన్ వ్యాపారికి, కోల్డ్ స్టోరేజీ యజమానికి, కారం మిల్లుకు ఆ మినహాయింపు లేదు. రైతు తన పంటను నిల్వ చేసి ఎప్పుడు అమ్ముకున్నా అది వ్యవసాయ ఆదాయమే. అదే రైతు ధర పెరుగుతుందని పక్కవారి సరుకు కొని అమ్మితే వచ్చే లాభం వ్యాపార ఆదాయం, కాబట్టి రెండింటి కోల్డ్ స్టోరేజీ బాండ్లను (నిల్వ ఉంచిన సరుకుకు ఇచ్చే పత్రాలను), రశీదులను మొదటి నుంచీ విడివిడిగా పెట్టుకోవాలి.