స్పోర్ట్స్ క్విజ్ లీగ్ నడపడం: అపోహలు, వాస్తవాలు

క్విజ్ లీగ్ పెడదామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయని. ఆ తర్వాత ట్రోఫీ గురించి, బజర్ల గురించి అడుగుతారు. నాలుగు వారాలు వరసగా ఓడిపోయిన టీమ్ ఐదో వారం ఎందుకు రావాలి అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. లీగ్‌లు ఆగిపోయేది అక్కడే. పట్టికలో కిందనున్న రెండు టీమ్‌లు రావడం మానేస్తే ఫిక్చర్, అంటే ఎవరు ఎప్పుడు ఎవరితో ఆడాలనే పట్టీ, చెడిపోతుంది, ఆ రోజు వాళ్లతో ఆడాల్సినవాళ్లు ఊరికే కూర్చుని వెళ్లిపోతారు, ఇంకో రెండు వారాలకి వాళ్లకీ ఆసక్తి పోతుంది. చాలా సీజన్లు నడిపిన అనుభవంతో, ఆ చివరి టీమ్ పక్కన కూర్చుని చూస్తే కనిపించే సంగతులు రాస్తున్నాను.

అపోహ: ప్రశ్న ఎంత కష్టంగా ఉంటే క్విజ్ అంత గొప్పది

వాస్తవం: ఎవరికీ తెలియని ప్రశ్న తయారుచేయడం చాలా తేలిక. పాత టోర్నీ ఏదో తీసుకుని మూడో స్థానం ఎవరిదని అడిగితే చాలు, గదిలో ఒక్కరూ నోరు విప్పరు. దాన్ని ప్రశ్న గొప్పతనంగా లెక్కేసుకునేవాళ్లు ఉన్నారు. నా ఉద్దేశంలో ఆ నిమిషం అందరికీ వృథా. జవాబు తెలియనివాళ్లు కూడా ఆలోచిస్తూ ఆలోచిస్తూ దాని దగ్గరికి వెళ్లగలిగితే అదే మంచి ప్రశ్న.

ఒకటి చూపిస్తాను. "ఒలింపిక్ జిమ్నాస్టిక్స్‌లో తొలిసారి 10కి 10 సాధించింది ఎవరు?" అని నా దగ్గర ఒక ప్రశ్న ఉండేది. తెలిసినవాళ్లు నాదియా కొమనెచి అంటారు, తెలియనివాళ్లు పాస్ అంటారు. రెండు సెకన్లలో అయిపోతుంది. దాన్ని ఇలా మార్చాను: "1976 మాంట్రియల్ ఒలింపిక్స్. పద్నాలుగేళ్ల అమ్మాయి అన్‌ఈవెన్ బార్స్ మీద విన్యాసం ముగించి కిందికి దిగింది. స్కోర్‌బోర్డు మీద 1.00 అని పడింది. ఎందుకు?"

ఆ రోజు ఈ ప్రశ్న వెళ్లింది అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా గెలవని టీమ్‌కి. వాళ్లలో ఎవరికీ కొమనెచి పేరు తెలియదు. కెప్టెన్ "ఒకటేనా? కింద పడిపోయిందేమో" అన్నాడు. పక్కనున్న అమ్మాయి ఒప్పుకోలేదు. "పడిపోతే దాని గురించి ప్రశ్న ఎందుకు అడుగుతారు?" అంది. చివర్లో కూర్చున్న కుర్రాడు కాగితం మీద 1.00 అని రాసి, దాని ముందు వేలు పెట్టి చూశాడు. "అన్నా, పది వేయడానికి బోర్డులో చోటు లేదేమో" అన్నాడు. అదే జవాబు. పదికి పది ఎవరికీ రాదనుకుని, చుక్కకి ముందు ఒక్క అంకె చూపించే బోర్డు పెట్టారు. ఆ మ్యాచ్ వాళ్లు ఓడిపోయారు కానీ వెళ్లేటప్పుడు మెట్ల మీద కూడా ఆ ప్రశ్న గురించే మాట్లాడుకున్నారు.

క్రీడల్లో ఇలాంటి సరుకు బోలెడంత ఉంది. ఫుట్‌బాల్ రెఫరీల దగ్గరుండే పసుపు, ఎరుపు కార్డులు ఇంగ్లిష్ రెఫరీ కెన్ ఆస్టన్‌కి ట్రాఫిక్ సిగ్నల్ చూసి తట్టిన ఆలోచన. 1970 వరల్డ్ కప్‌లో అవి వాడుకలోకి వచ్చాయి. "ఆస్టన్ ఎవరు" అని అడిగితే ఎవరో ఒకరికి తెలుస్తుంది. "కారులో వెళుతున్న రెఫరీకి దారిలో ఏం కనిపించి ఈ ఆలోచన వచ్చింది" అని అడిగితే టీమ్‌లోని ఆరుగురూ తలలు దగ్గరికి చేరుస్తారు. జావెలిన్‌, అంటే ఈటె విసిరే పోటీ, కూడా అంతే. 1984లో ఉవే హోన్ 104.80 మీటర్లు విసిరాడు. 1986లో మగవాళ్ల జావెలిన్ బరువు కేంద్రాన్ని ముందుకు జరిపారు, దాంతో అది త్వరగా కిందికి వాలుతుంది. ఎందుకు జరిపారో ఊహించడానికి అథ్లెటిక్స్ చదివి ఉండక్కర్లేదు. స్టేడియం ఎంత పొడవుంటుందో కళ్లముందు ఊహించుకోగలిగితే చాలు.

అన్నీ ఇలాగే ఉండాలనడం లేదు. నేరుగా అడిగేవీ కావాలి, లేకపోతే బాగా చదువుకుని వచ్చినవాళ్లకి అన్యాయం జరుగుతుంది. పదిలో ఏడింటికైనా గదిలో ఎవరో ఒకరు జవాబు చెప్పగలిగితే ఆ సెట్ బాగా కుదిరినట్టే నాకు లెక్క.

అపోహ: జవాబు ఇంటర్నెట్‌లో ఉంది కాబట్టి సరైనదే

వాస్తవం: లీగ్‌లో జరిగే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. నేను చేసిన ఒక తప్పు చెబుతాను. "వన్డే క్రికెట్‌లో తొలి డబుల్ సెంచరీ ఎవరిది?" అని రాసి, జవాబు సచిన్ టెండూల్కర్ అని పెట్టాను. 2010 ఫిబ్రవరి 24, గ్వాలియర్, దక్షిణాఫ్రికా మీద 200 నాటౌట్. చిన్నప్పటి నుంచి క్రికెట్ చూసేవాళ్లు ఎవరైనా నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పట్టికలో చివర ఉన్న టీమ్‌లో ఒకావిడ బెలిండా క్లార్క్ అంది. నేను తప్పన్నాను. ప్రశ్న పక్క టీమ్‌కి పాస్ అయింది, వాళ్లు సచిన్ అని మార్కు కొట్టేశారు. విరామంలో ఆవిడ నా దగ్గరికి వచ్చి గొంతు పెంచకుండా, "ప్రశ్నలో మగవాళ్ల క్రికెట్ అని లేదు కదండీ" అంది. 1997 డిసెంబరులో, మహిళల వరల్డ్ కప్‌లో డెన్మార్క్ మీద ఆస్ట్రేలియా కెప్టెన్ క్లార్క్ 229 నాటౌట్ కొట్టింది, సచిన్ కంటే పన్నెండేళ్లు ముందు. విరామం అయ్యాక నేను అందరి ముందూ చెప్పి స్కోరు దిద్దాను. ఆవిడ అడగకపోయి ఉంటే ఆ తప్పు ప్రశ్న నా ఫైల్లో ఇంకా ఉండేది.

అప్పటి నుంచి "తొలి", "అత్యధిక", "ఏకైక" అనే మాట కనిపిస్తే ఆ ప్రశ్న దగ్గర ఆగుతాను. తొలి క్రికెట్ వరల్డ్ కప్ 1975లో జరిగిందని చాలామంది రాసేస్తారు. అది మగవాళ్లది. మహిళల వరల్డ్ కప్ అంతకు రెండేళ్ల ముందే, 1973లో జరిగింది. ఒలింపిక్స్‌లో భారత్‌కు తొలి వ్యక్తిగత పతకం ఎవరిదంటే 1952 హెల్సింకిలో కుస్తీలో కాంస్యం గెలిచిన కె.డి. జాదవ్ అంటారు. అప్పుడు ఎవరో ఒకరు లేచి 1900 పారిస్‌లో రెండు రజతాలు గెలిచిన నార్మన్ ప్రిచర్డ్ పేరు ఎత్తుతారు. ఆయన్ని ఏ దేశం లెక్కలో వేయాలన్నది పాత వివాదం. ఆ అరగంట తగువంతా ఒక్క మాటతో తప్పుతుంది: "స్వతంత్ర భారతదేశానికి" అని రాస్తే సరి.

ఇంకో రకం, జవాబుకి వయసైపోవడం. వన్డేల్లో ఎక్కువ సెంచరీలు సచిన్‌వి, 49, అని పాత సెట్లన్నిటిలో ఉంటుంది. 2023 నవంబరు 15న వరల్డ్ కప్ సెమీఫైనల్లో విరాట్ కోహ్లి 50వది కొట్టాడు. అందుకే మేం సీజన్ మొదట్లోనే ఒక తేదీ ప్రకటిస్తాం. రికార్డుల ప్రశ్నలన్నిటికీ ఆ తేదీ నాటి జవాబే చెల్లుతుంది. ప్రతి జవాబునూ రెండు వేర్వేరు చోట్ల, ఒకదాన్నుంచి ఇంకొకటి ఎత్తి రాయనివాటిలో, సరిచూస్తాం, వీలైతే అందులో ఒకటి ఆ ఆటను నడిపే సంస్థ రికార్డు అయి ఉండాలి. ఎక్కడ చూశామో ప్రశ్న పక్కనే రాసిపెడతాం.

అపోహ: క్విజ్ మాస్టర్ మాటే ఫైనల్ కాబట్టి తగువులు ఉండవు

వాస్తవం: ఫైనల్ అనడం వల్ల తగువు ఆగదు, బయటికి వెళ్లాక సాగుతుంది. అభ్యంతరం చెప్పే దారి రాతలో ఉండాలి. మా పద్ధతి ఇది: ఆ రౌండ్ అయ్యేలోపు కెప్టెన్ ఒక్కరే చెప్పాలి. క్విజ్ మాస్టర్, ఆ మ్యాచ్ ఆడని ఇంకొకరు కలిసి చూస్తారు. ప్రశ్నే తప్పైతే దాన్ని కొట్టేసి, స్పేర్ ప్రశ్న అడుగుతారు. ఆ రాత్రి పాయింట్ల పట్టిక అందరికీ వెళ్లిపోయాక ఇక మార్పు ఉండదు.

ఇంటిపేర్ల సంగతి ముందే తేల్చుకోండి. ఇంటిపేరు ఒక్కటి చెబితే చాలా? చాలు, ఇద్దరు లేనంతవరకు. ఎవరైనా "విలియమ్స్" అంటే వీనస్సా, సెరెనానా అని క్విజ్ మాస్టర్ ఒక్కసారి అడగాలి. భారత హాకీలోనైతే బల్బీర్ సింగ్‌లే చాలామంది. 1952 ఒలింపిక్ ఫైనల్లో ఐదు గోల్స్ కొట్టింది బల్బీర్ సింగ్ సీనియర్. "ఇక్కడ ఇంకోసారి అడగాలి" అని జవాబు కాగితంలోనే రాసి ఉంటే, నాలుగు టేబుళ్ల దగ్గర నలుగురు చదివినా ఒకే న్యాయం జరుగుతుంది.

అపోహ: పాస్ పద్ధతిలో అందరికీ సమాన అవకాశం

వాస్తవం: రెండు టీమ్‌ల మ్యాచ్ అయితే దాదాపు సమానమే, ప్రశ్నలు జంటలుగా తూచి పెడితే. మొదటిది, రెండోది ఒకే బరువుండాలి. ఒకరికి ఒలింపిక్ రింగులు ఎన్నని, ఎదుటివాళ్లకి 1932లో ఏదో పతకం గురించి అడిగితే అది మ్యాచ్ కాదు.

ఎక్కువ టీమ్‌లు ఒకే గదిలో వరసగా కూర్చున్నప్పుడు లెక్క మారుతుంది. డైరెక్ట్ ప్రశ్నలు, అంటే ఒక టీమ్‌ని ముందుగా అడిగేవి, వంతులవారీగా వెళితే, బలహీనమైన టీమ్ తర్వాత కూర్చున్నవాళ్లకి పాస్‌లు ఎక్కువ వస్తాయి. జవాబు చెప్పిన టీమ్ పక్కవాళ్ల నుంచి తర్వాతి ప్రశ్న మొదలుపెట్టే పద్ధతిలో దీనికి తలకిందులు: బాగా చెప్పే టీమ్ పక్కన కూర్చున్నవాళ్లకే మొదటి అవకాశాలు ఎక్కువ వస్తాయి. కుర్చీ వల్ల వచ్చే లాభం రెండిట్లోనూ ఉంది. సగం ప్రశ్నలయ్యాక దిశ తిప్పేయండి. కూర్చునే వరస చీటీలు తీసి తేల్చండి. కనీసం ఒక రౌండ్ అందరూ ఒకేసారి కాగితం మీద రాసేది ఉంచండి.

నెగటివ్ మార్కులు నేను లీగ్ దశలో తీసేశాను. సున్నా కంటే కిందికి వెళ్లిన టీమ్ నోరు విప్పడం మానేస్తుంది, అది చూడలేకపోయాను. ఫైనల్లో పెట్టుకోవచ్చు.

అపోహ: ఫిక్చర్ అంటే ఒక సాయంత్రం కూర్చుని గీసే చార్ట్

వాస్తవం: ఎనిమిది టీమ్‌లు ఒకరితో ఒకరు ఒక్కోసారి ఆడితే 28 మ్యాచ్‌లు, వారానికి నాలుగు చొప్పున ఏడు వారాలు. వారానికి 40 ప్రశ్నలు, నాలుగు స్పేర్. సీజన్‌కి 308. ఇదంతా ఒక్కరే తయారుచేస్తే మూడో వారానికి అలసట ప్రశ్నల్లో కనిపిస్తుంది. పైగా ఆ మనిషికి ఇష్టమైన ఆటే అంతటా ఉంటుంది. నలభైలో క్రికెట్ పది దాటనివ్వను, ఎంతమంది అడిగినా.

అన్ని మ్యాచ్‌లూ ఒకే సమయానికి, ఒకే సెట్‌తో జరగాలి. ఒక మ్యాచ్ ముందురోజు పెట్టారంటే ప్రశ్నలు బయటికి వచ్చేసినట్టే, ఎవరినీ అనుమానించి చెప్పడం లేదు, స్నేహితుల మధ్య మాటల్లో వచ్చేస్తాయి. టీమ్‌లు తొమ్మిదైతే వారానికి ఒకరికి బై వస్తుంది, అంటే ఆ వారం ఆట ఉండదు. ఆ బై టీమ్‌నే ఆ రోజు చదవడానికి, స్కోరు రాయడానికి పెడతాం. ఆట లేని వారం కూడా వాళ్లు వస్తారు, అటువైపు నిలబడితే క్విజ్ మాస్టర్ టెన్షన్ ఏమిటో వాళ్లకీ తెలుస్తుంది.

అపోహ: ఫోన్లే పెద్ద సమస్య

వాస్తవం: టేబుల్ మధ్యలో బోర్లా పెట్టమంటే పెడతారు. ఇంతకంటే దీని గురించి చెప్పడానికేం లేదు.

అపోహ: బహుమతులు పెద్దవైతే జనం వస్తారు

వాస్తవం: బహుమతి గెలిచేది ఒక్క టీమ్. మిగతా ఏడు ఎందుకు వస్తాయో దాంతో తేలదు. మూడో వారానికే తమకి ట్రోఫీ రాదని సగంమందికి తెలిసిపోతుంది.

నేను పట్టికను మార్చాను. రగ్బీ యూనియన్ టోర్నీలు చాలావాటిలో ఏడు పాయింట్లు, లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడినవాళ్లకి ఒక బోనస్ పాయింట్ ఇస్తారు. అదే మా లీగ్‌లోకి తెచ్చాను: గెలిస్తే మూడు, టై అయితే రెండేసి, మూడు ప్రశ్నల తేడాలో ఓడితే ఒకటి. దీంతో ఓడిపోతున్న మ్యాచ్‌లో చివరి నాలుగు ప్రశ్నలకి విలువ వచ్చింది. అంతకుముందు ఆ సమయానికి బ్యాగులు సర్దుకునేవాళ్లు. పట్టిక అదే రాత్రి అందరికీ పంపిస్తాం, పక్కనే ఆ రోజు ఎవరూ ఊహించని మంచి జవాబు ఒకటి, చెప్పిన టీమ్ పేరుతో. ఎక్కువసార్లు అది కింది టీమ్‌లదే అవుతుంది, వెతికి పెట్టాల్సిన పని కూడా ఉండదు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఫైనల్ రోజు ఒక రౌండ్ ప్రశ్నలు తయారుచేసేది పట్టికలో చివరి టీమ్. పది ప్రశ్నలు, పైనున్న నాలుగు టీమ్‌లకి. పోయిన సీజన్‌లో ఆ పని స్కోర్‌బోర్డు ప్రశ్నకి జవాబు చెప్పిన టీమ్‌కి వచ్చింది. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "1986లో వింబుల్డన్‌లో బంతి తెలుపు నుంచి పసుపుకి మారింది. కోర్టులో ఉన్నవాళ్ల కోసం కాదు. మరి ఎవరి కోసం?" పైనున్న నాలుగు టీమ్‌లలో మూడు తడబడ్డాయి, నాలుగోది టీవీలో చూసేవాళ్ల కోసమంది. చదివింది ఆ చివర్లో కూర్చునే కుర్రాడే. అతని చేతిలోని కాగితం చూశాను. ప్రతి ప్రశ్న పక్కనా ఎక్కడెక్కడ సరిచూశారో రెండేసి చోట్లు రాసి ఉన్నాయి, అడుగున ఒక స్పేర్ ప్రశ్న కూడా ఉంది.